‘జవాబు పనికిరాలేదు’ అన్న ఫిర్యాదు వెనుక: ఒక ఆన్‌లైన్ సలహా సేవపై కేస్ స్టడీ

డబ్బు తీసుకుని ఆన్‌లైన్‌లో నిపుణుల సలహా ఇప్పించే సంస్థలకు వచ్చే ఫిర్యాదులను బయటి పరిశీలకుడిగా చదివి, లోపం ఎక్కడుందో నివేదిక ఇవ్వడం నా వృత్తి. వైద్యం, న్యాయం, పన్నులు, వాహనాలు, గృహోపకరణాలు, పెంపుడు జంతువులు, ఇలా విషయం ఏదైనా ఈ సేవల నడక ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ప్రశ్న టైపు చేయించుకుంటారు, కొన్ని వివరాలు అడుగుతారు, డబ్బు కట్టమంటారు, ఆ తర్వాత చాట్‌లోనో ఫోన్‌లోనో ఒక నిపుణుడు జవాబిస్తాడు. ఇక్కడ వివరిస్తున్న ఫైలు గృహోపకరణాల విభాగానిది. వినియోగదారును గాని సంస్థను గాని గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ తీసేశాను. జరిగిన క్రమాన్ని మాత్రం అలాగే ఉంచాను.

ప్రాణం మీదికి వచ్చిన వ్యవహారం కాదు కాబట్టి, ఉద్వేగాల జోలికి పోకుండా, అసంతృప్తి మెట్టు మెట్టుగా ఎలా పేరుకుందో చూడటానికి ఈ ఫైలు అనువుగా ఉంది. సంస్థ దీన్ని ‘జవాబు నాణ్యత’ అనే వర్గంలో వేసి, నిపుణుడికి హెచ్చరిక పంపితే సరిపోతుందని ప్రతిపాదించింది. ఫైలు మొత్తం చదివాక ఆ వర్గీకరణతో నేను ఏకీభవించలేకపోయాను. తప్పు జవాబు వచ్చిన మాట నిజమే. కాని ఆ తప్పుకు నిపుణుడు చాట్‌లోకి రాకముందే పునాది పడింది, ఆయన వెళ్లిపోయాక అది ఇంకా పెద్దదైంది.

జరిగిన క్రమం

వినియోగదారు ప్రశ్న పెట్టెలో రాసిన మాటలు ఇవి: “వాషింగ్ మెషీన్‌ను ఈమధ్యే పక్క గదిలోకి మార్చాం. అప్పటినుంచి నీళ్లు వస్తూనే ఉన్నాయి కానీ డ్రమ్ములో నిలవడం లేదు. ఉతకడం మొదలవకుండానే కాసేపటికి ఎర్రర్ చూపించి ఆగిపోతోంది. ట్యాపులో నీళ్లు బాగానే వస్తున్నాయి.”

ఆ వెంటనే తెర మీది ఆటోమేటిక్ సహాయకుడు కంపెనీ పేరు, మోడల్ నంబరు, ఎర్రర్ కోడ్, ఇప్పటికే ఏమేం చేసి చూశారన్నది ఒక్కొక్కటిగా అడిగాడు. ఆమె మెషీన్ మీది స్టిక్కర్ చూసి మోడల్ నంబరు టైపు చేసింది. నీళ్లు లోపలికి వచ్చే పైపు దగ్గరి జల్లెడను విప్పి కడిగానని కూడా రాసింది. తర్వాత డబ్బు కట్టే పేజీ వచ్చింది. కట్టాక నిపుణుడు చాట్‌లోకి వచ్చి నమస్కారం చెప్పి, “మెషీన్ కంపెనీ, మోడల్ నంబరు చెప్తారా అండి?” అని అడిగాడు. “ఇందాకే ఇచ్చాను కదండీ, మళ్లీ ఇవ్వాలా?” అని ఆమె. “అవునండి, దయచేసి” అని ఆయన. ఆమె మళ్లీ ఇచ్చింది.

కొద్ది సేపటికి వచ్చిన జవాబు పొడుగ్గా, చూడటానికి పొందికగా ఉంది. ట్యాపు పూర్తిగా తిప్పి ఉందేమో చూడాలని, పైపు దగ్గరి జల్లెడ శుభ్రం చేయాలని, అయినా తగ్గకపోతే నీళ్లను లోపలికి వదిలే ఇన్‌లెట్ వాల్వ్ పాడై ఉంటుందని, దాన్ని మార్పించాలని అందులో ఉంది. జల్లెడ కడిగానని తాను ముందే రాసిన సంగతి ఆమె మళ్లీ గుర్తు చేసింది. “అయితే వాల్వే అండి” అని జవాబు వచ్చింది. ఆ మాట మీద చాట్ ముగిసింది.

ఆమె మెకానిక్‌ను పిలిపించి వాల్వ్ మార్పించింది. మెషీన్ తీరు మారలేదు. తిరిగి అదే చాట్‌లో రాయబోతే ‘ఈ ప్రశ్నకు సమాధానం అందింది’ అనే పట్టీ కనిపించింది, రాయడానికి పెట్టె లేదు. కొత్త ప్రశ్న వేస్తే మరో నిపుణుడు వచ్చాడు, మోడల్ నంబరు అడిగాడు, ఆమె అక్కడితో విరమించుకుంది. చివరికి రెండోసారి వచ్చిన మెకానిక్ మెషీన్‌ను గోడ దగ్గరనుంచి ముందుకు లాగి, మురికి నీళ్లు బయటికి పోయే డ్రెయిన్ పైపు కొస కిందికి, దాదాపు నేల మట్టానికి, జారి ఉండటం చూశాడు. దాన్ని పైకెత్తి బిగించగానే మెషీన్ పనిచేసింది.

కథ ఇక్కడితో అయిపోయి ఉంటే ఫిర్యాదు వచ్చేదో లేదో చెప్పలేను. మరుసటి నెల కార్డు స్టేట్‌మెంట్‌లో అదే సంస్థ పేరుతో ఇంకో మొత్తం కనిపించింది. ఒక ప్రశ్నకని కట్టిన డబ్బు నిజానికి ట్రయల్ రుసుము అని, గడువు దాటగానే అది నెలవారీ సభ్యత్వంగా మారిందని ఆమెకు అప్పుడు తెలిసింది. ఫిర్యాదులోని మొదటి వాక్యం ఈ డబ్బు గురించే. తప్పు జవాబు ప్రస్తావన అందులో మూడో పేరాలో గాని రాదు. సంస్థ వర్గీకరణ మాత్రం మూడో పేరాను చూసి చేసింది.

దారిలో పోయిన వాక్యం

సాంకేతిక విషయం ముందు తేల్చాలి, ఎందుకంటే నిపుణుడి జవాబు ఏ మేరకు తప్పో దాన్నిబట్టే తెలుస్తుంది. డ్రమ్ములో నీళ్లు ఎంత ఎత్తుకు చేరాయో మెషీన్ గాలి ఒత్తిడి ద్వారా తెలుసుకుంటుంది. డ్రమ్ము అడుగునుంచి పైకి వచ్చే సన్నని గొట్టంలో గాలి చిక్కుకుని ఉంటుంది. నీటిమట్టం పెరిగే కొద్దీ ఆ గాలి నొక్కుకుపోతుంది. తగినంత ఒత్తిడి రాగానే సెన్సర్ నీళ్లను ఆపించి ఉతుకు మొదలుపెట్టిస్తుంది. డ్రెయిన్ పైపు కొస డ్రమ్ములోని నీటిమట్టం కన్నా కిందికి దిగినా, మురుగు గొట్టంలోకి గాలి ఆడకుండా మరీ లోతుగా దూర్చినా, పంపు తిరగకుండానే నీళ్లు సైఫన్ పద్ధతిలో వాటంతటవే బయటికి జారిపోతాయి. ఒకవైపు నిండుతూ, మరోవైపు ఖాళీ అవుతూ ఉంటే సెన్సర్‌కు కావలసిన ఒత్తిడి ఎప్పటికీ రాదు, చివరికి మెషీన్ ‘నీళ్లు నిండటం లేదు’ అనే ఎర్రర్ చూపించి ఆగుతుంది. డ్రెయిన్ పైపును ఎంత ఎత్తున బిగించాలో తయారీదారులు మాన్యువల్‌లో ఇచ్చేది ఇందుకే.

ఇప్పుడు ఆమె ప్రశ్నను మళ్లీ చదవండి. ‘పక్క గదిలోకి మార్చాం’, ‘నీళ్లు వస్తూనే ఉన్నాయి కానీ నిలవడం లేదు’. ఈ రెండు మాటలూ కలిపి చూసిన ఏ మెకానిక్ అయినా వాల్వ్ కన్నా ముందు డ్రెయిన్ పైపునే అనుమానిస్తాడు. మరి ఈ నిపుణుడికి ఏళ్ల తరబడి అనుభవం ఉంది. ఆయన ధ్రువపత్రాలు నేను చూశాను, వంక పెట్టడానికేమీ లేదు.

ఆయన తెర మీద ఏం కనిపించిందో చూపించమని సంస్థను అడిగాను. సహాయకుడు ఆమె ప్రశ్నను కుదించి నిపుణుడికి పంపిన సారాంశం ఒకే వాక్యం: ‘వాషింగ్ మెషీన్‌లో నీళ్లు నిండటం లేదు, ఎర్రర్ వస్తోంది.’ మెషీన్ మార్చిన సంగతి అందులో లేదు. నిలవడం లేదన్న మాట నిండటం లేదుగా మారింది. మోడల్ నంబరు, జల్లెడ కడిగిన సంగతి వేరే మడతలో దాగి ఉన్నాయి, తెరవాలంటే ఇంకోసారి నొక్కాలి. ఆసుపత్రి కౌంటర్లో రోగి చెప్పిందంతా చీటీ మీద రాసి, ఆ చీటీని డాక్టరు గదికి పంపకుండా కౌంటర్లోనే ఉంచేసినట్టుంది వ్యవహారం. ఆ సారాంశానికి ఆయన ఇచ్చిన జవాబు సరైనదే: నీళ్లు నిండని మెషీన్‌కు చూడవలసినవి ట్యాపు, జల్లెడ, వాల్వే. ఆమె అడిగిన ప్రశ్నకు మాత్రం అది జవాబు కాదు. ప్రశ్న మధ్యలో మారిపోయిందని ఇద్దరిలో ఎవరికీ తెలియదు, అందుకే ఆమె ‘నేను రాసింది చదవనే లేదు’ అంది, ఆయన సంస్థకు ఇచ్చిన వివరణలో ‘నాకు చెప్పలేదు’ అన్నాడు. ఇద్దరూ నిజమే చెప్పారు.

మడత తెరిచి చూసి ఉండవచ్చు కదా అన్న ప్రశ్న సంస్థ ప్రతినిధులు వేశారు. వేయవలసిన ప్రశ్నే. అయితే నిపుణుడికి అందే పారితోషికం ముగించిన ప్రశ్నల లెక్కన ఉంటుంది. జవాబివ్వడానికి పట్టిన సమయం తెర మూలన ఆయనకు కనిపిస్తూ ఉంటుంది. తిరిగి ప్రశ్నలు అడిగినందుకు ప్రత్యేకంగా వచ్చేదేమీ లేదు. మోడల్ నంబరు వెతకడం కన్నా అడగడమే ఆయనకు తేలిక, ఎందుకంటే వెతికే సమయం ఆయనది, మళ్లీ టైపు చేసే సమయం వినియోగదారుది. ఇటువంటి ఏర్పాటులో శ్రద్ధ అనేది నిపుణుడు సొంత ఖర్చుతో చేయవలసిన దానమవుతుంది. కొందరు చేస్తారు కూడా. వాళ్ల మీద ఆధారపడి సేవను నడపడం సరైన పద్ధతి కాదని నా అభిప్రాయం.

ఇక్కడ ఆర్థికశాస్త్రం నుంచి ఒక విషయం చెప్పుకోవాలి. కొనే ముందే నాణ్యత తెలిసే సరుకులు, వాడాక తెలిసే సరుకులు అని 1970లో ఫిలిప్ నెల్సన్ ఒక విభజన చేశారు. 1973లో మైఖేల్ డార్బీ, ఎడీ కార్నీ దానికి మూడో రకాన్ని చేర్చారు: వాడాక కూడా కొనుగోలుదారు తనంతట తాను నాణ్యత తేల్చుకోలేని సేవలు, కేవలం నమ్మకం మీద కొనేవి. నిపుణుల సలహా ఎక్కువగా ఈ మూడో రకానికి చెందుతుంది. వాషింగ్ మెషీన్ విషయంలో తిరిగిందా లేదా అన్నది కళ్లముందే తేలిపోతుంది గాని, ఒప్పంద పత్రం గురించో, రక్తపరీక్ష నివేదిక గురించో ఇచ్చిన సలహా సరైనదో కాదో చాలామందికి ఎన్నటికీ తెలియదు. అప్పుడు వాళ్లు తాము కొలవగలిగిన వాటినే కొలుస్తారు: నా మాట చదివాడా, ఎంతసేపు ఆగమన్నాడు, ఒకే వివరం ఎన్నిసార్లు అడిగాడు, ఎంత డబ్బు పోయింది. సంస్థలు ఇలాంటి ఫిర్యాదులను ‘మర్యాదకు సంబంధించినవి’ అని పక్కన పెట్టడం నేను తరచుగా చూస్తుంటాను. వినియోగదారు చేతిలో ఉన్న కొలబద్ద అదొక్కటే అయినప్పుడు దాన్ని చిన్నచూపు చూడటానికి లేదు.

కృత్రిమ మేధ చాట్‌బాట్లు జనంలోకి వచ్చాక ఈ అనుమానానికి ఇంకో కొస మొలిచింది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ విడుదలయ్యాక, ఉచితంగా దొరికే జవాబును పక్కన పెట్టుకుని డబ్బు కట్టిన జవాబుతో పోల్చి చూసేవాళ్లు పెరిగారు. ఈ ఫైలులో కూడా ఆమె ఒకచోట ‘ఇది మనిషి రాసిందేనా’ అని అడిగింది. జవాబు మనిషే రాశాడు, కాకపోతే ముందే సిద్ధం చేసుకున్న పాఠాన్ని అతికించాడు. ఆమె దృష్టిలో ఆ రెండింటికీ తేడా లేదు, నిజం చెప్పాలంటే నాకూ పెద్దగా కనిపించలేదు. మనిషికి డబ్బు కట్టేది తన పరిస్థితిని చూసి మాట్లాడతాడనే.

డబ్బు కట్టిన పేజీ

ఇప్పుడు డబ్బు కట్టిన పేజీ దగ్గరికి వద్దాం. ఫిర్యాదుకు అసలు వేరు ఇక్కడుందని నేను భావిస్తున్నాను.

ఆ పేజీలో పెద్ద అక్షరాల్లో ఉన్నది ట్రయల్ మొత్తం. దాని కింద రంగు బటన్ మీద ‘నిపుణుడితో మాట్లాడండి’ అని ఉంది. సభ్యత్వం దానంతట అదే కొనసాగుతుందన్న సంగతి, నెలవారీ రుసుము ఎంతన్నది బటన్‌కు కింద, బూడిద రంగులో, చిన్న అక్షరాల్లో ఉన్నాయి. ఫోన్ తెర మీద అవి కనిపించాలంటే పేజీని పైకి జరపాలి. పేజీ పై భాగంలో ‘సంతృప్తికి హామీ’ అనే ముద్ర ఉంది. షరతుల్లోకి వెళ్లి చూస్తే ఆ హామీ ట్రయల్ రుసుముకే వర్తిస్తుంది, అదీ సంస్థ సమ్మతిస్తేనే. ఇలా వినియోగదారును తెలియకుండా ఒక నిర్ణయంలోకి నెట్టే తెర రూపకల్పనలకు హ్యారీ బ్రిగ్నల్ 2010లో ‘డార్క్ ప్యాటర్న్’ అని పేరు పెట్టారు. ఆ పేజీని గీసినవాళ్లకు దురుద్దేశం ఉందని నేను నివేదికలో రాయలేదు. వినియోగదారుకు కలిగిన ఫలితం మాత్రం అదే.

పన్నెండో ప్రశ్న అడిగేవారికి సభ్యత్వం మంచి బేరం కావచ్చు. వాషింగ్ మెషీన్ పాడైనవారికి ఒకే ప్రశ్న ఉంటుంది. వాళ్లు తాము ఒక జవాబు కొన్నామనుకుంటారు, సంస్థ ఒక సభ్యత్వం అమ్మాననుకుంటుంది, నిపుణుడు ఒక ప్రశ్న ముగించాననుకుంటాడు. ఒకే చాట్‌లో మూడు వేర్వేరు లావాదేవీలు నడుస్తున్నాయి. గూగుల్ 2002లో మొదలుపెట్టిన గూగుల్ ఆన్సర్స్ ఈ విషయంలో సూటిగా ఉండేది: అడిగేవారే తమ ప్రశ్నకు 2 డాలర్ల నుంచి 200 డాలర్ల మధ్య ధర నిర్ణయించేవారు, జవాబిచ్చిన పరిశోధకుడికి అందులో మూడు వంతులు, అంటే 75 శాతం, దక్కేది, జవాబు నచ్చకపోతే డబ్బు వెనక్కి అడిగే వీలుండేది. 2006 చివర్లో ఆ సేవ కొత్త ప్రశ్నలు తీసుకోవడం ఆపేసింది, కాబట్టి దాన్ని వ్యాపార విజయానికి ఉదాహరణగా చూపలేం. అయితే అక్కడ అసంతృప్తి కలిగితే అది జవాబు గురించే అయ్యుండేది. సభ్యత్వ పద్ధతిలో రాబడి జవాబు నుంచి గడువు దాటడం మీదికి మళ్లింది. అసంతృప్తి కూడా దాని వెంటే వెళ్లింది.

రిచర్డ్ ఆలివర్ 1980లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం, కొనుగోలుదారు తృప్తి అందిన దానిమీద మాత్రమే ఆధారపడదు, ముందుగా ఆశించిన దానితో అది ఎంత సరిపోయిందన్న దానిమీద కూడా ఆధారపడుతుంది. ఈ సంస్థ ప్రకటనలో ‘నిమిషాల్లో పరిష్కారం’ అని ఉంది. చాట్‌లో చూడకుండా, తాకకుండా, వాసన పట్టకుండా చెప్పే సలహా నిజాయితీగా ఇవ్వగలిగేది పరిష్కారానికి దారి మాత్రమే. ‘మెకానిక్‌ను పిలిచే ముందు ఏం చూసుకోవాలో చెబుతాం’ అని రాసి ఉంటే, మొదటి జవాబు తప్పినా ఆమెకు ఇంత మోసపోయిన భావన కలిగేది కాదు.

ఫిర్యాదు అందాక

ఇక ఫిర్యాదు విభాగం చేసింది క్లుప్తంగా చెబుతాను. మొదటి జవాబు ముందే రాసిపెట్టిన క్షమాపణ. రెండో జవాబులో షరతుల పేజీకి లింకు. మూడోసారి ఆమె బ్యాంకును ఆశ్రయిస్తానని రాశాక, నెలవారీ మొత్తంలో సగం వెనక్కి ఇస్తామన్నారు. ఆమె ఒప్పుకోకుండా కార్డు జారీ చేసిన బ్యాంకులో వివాదం నమోదు చేసింది. వీసా కార్డు నెట్‌వర్క్ నిబంధనల్లో చాలా రకాల వివాదాలకు 120 రోజుల గడువు ఉంటుంది, కాబట్టి ఆమెకు సమయం మిగిలే ఉంది. పైగా ట్రయల్ తర్వాత సభ్యత్వంగా మారే అమ్మకాల్లో, డబ్బు తీసుకోవడానికి కనీసం 7 రోజుల ముందు ఎలక్ట్రానిక్ సందేశం పంపాలని, రద్దు చేసుకునే లింకు అందులో ఉండాలని వీసా 2020 ఏప్రిల్ నుంచి నియమం పెట్టింది. సంస్థ పంపానని చూపించిన సందేశం విషయ పంక్తిలో ‘మీ నిపుణులు మీకోసం సిద్ధంగా ఉన్నారు’ అని ఉంది; రుసుము సంగతి అందులో ఆఖరి పంక్తి. ఇలాంటి సందేశాన్ని ప్రకటన అనుకుని తెరవకుండా వదిలేసినందుకు ఎవరినీ తప్పుపట్టలేం.

బ్యాంకు వివాదంలో ఓడితే వ్యాపారికి అసలు మొత్తంతోపాటు అదనపు రుసుము కూడా పడుతుంది, వివాదాల నిష్పత్తి పెరిగితే కార్డు నెట్‌వర్కుల నిఘా మొదలవుతుంది. ఈ లెక్క చూపించాకే యాజమాన్యం నా నివేదికను శ్రద్ధగా చదివింది.

సమావేశంలో ఒక అధికారి, బాగా దిద్దుబాటు చేస్తే అసంతృప్తి చెందిన వినియోగదారే ఎక్కువ విధేయుడవుతాడన్న ప్రసిద్ధ వాదనను ముందుకు తెచ్చారు. 2007లో డి మాటోస్, ఆయన సహపరిశోధకులు ఆ విషయంపై అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి విశ్లేషించినప్పుడు, మంచి దిద్దుబాటు తర్వాత తృప్తి పెరిగే మాట కనిపించింది గాని, మళ్లీ కొనాలన్న ఉద్దేశం అలా పెరగడం కనిపించలేదు. ఆమె విషయంలో అయితే దిద్దుబాటే జరగలేదు.

సిఫారసులు, వాటి గతి

నివేదికలో మొదటి సిఫారసు, వినియోగదారు రాసిన మాటలను కుదించకుండా, ఆమె ఇచ్చిన వివరాలతో కలిపి, నిపుణుడి తెర మీద అన్నిటికన్నా పైన చూపించడం. సారాంశం కావాలంటే దాని కింద ఉండవచ్చు. రెండోది, జవాబు ఇచ్చే ముందు ‘ఈ సమస్య ఏం మార్చాక మొదలైంది?’ అన్న ఒక్క ప్రశ్నను తప్పనిసరి చేయడం. పరికరాల విభాగంలో ఆ ఒక్కటి చాలా తప్పుదారులను మూసేస్తుంది. మూడోది, ముగిసిన చాట్‌ను అదే నిపుణుడి దగ్గర తిరిగి తెరిచే వీలు కల్పించడం. నాలుగోది, డబ్బు పేజీలో ట్రయల్ మొత్తం, నెలవారీ మొత్తం ఒకే పరిమాణం అక్షరాల్లో, బటన్‌కు పైన ఉండటం, దాంతోపాటు ఒక్క ప్రశ్నకే డబ్బు కట్టే మార్గం కూడా పెట్టడం. ఫిర్యాదుల నిర్వహణకు ఐఎస్ఓ 10002 అనే అంతర్జాతీయ ప్రమాణం 2004 నుంచి ఉంది, 2018లో దాన్ని సవరించారు. ఆ పద్ధతిలో ఫిర్యాదును ఒక్క వర్గంలో ఇరికించకుండా, వినియోగదారు చెప్పిన ప్రతి అంశానికి విడివిడిగా జవాబివ్వమని కూడా రాశాను.

తెర మార్పులు, చాట్ తిరిగి తెరవడం వెంటనే ఒప్పుకున్నారు. నెలవారీ రుసుమును బటన్‌కు పైకి తెచ్చారు, అక్షరాల పరిమాణం మాత్రం సగం దారిలో ఆగింది. నిపుణుడి మీద ప్రతిపాదించిన హెచ్చరికను ఉపసంహరించుకున్నారు. ఆమె డబ్బు మొత్తం వెనక్కి వెళ్లింది, సభ్యత్వం రద్దయింది, ఆమె తిరిగి రాలేదు.

ఒక్క ప్రశ్నకే డబ్బు కట్టే మార్గాన్ని, ఈ సిఫారసులతోపాటు నేను అడిగిన నిపుణుల పారితోషికం మార్పును యాజమాన్యం తిరస్కరించింది. గంటల లెక్కన చెల్లిస్తే చాట్‌లు అనవసరంగా సాగుతాయన్నది వాళ్ల అభ్యంతరం. అందులో కొంత నిజం ఉంది, అందుకే నేను అడిగింది గంటల లెక్క కాదు: తిరిగి తెరుచుకున్న చాట్‌కు కూడా పారితోషికం ఇవ్వాలని, అదే ప్రశ్నకు రెండో నిపుణుడి అవసరం పడితే మొదటి చెల్లింపును సమీక్షించాలని. ప్రస్తుత ఏర్పాటులో తిరిగి తెరిచిన చాట్ నిపుణుడికి ఉచిత సేవ కిందికి వస్తుంది, కాబట్టి కొత్తగా పెట్టిన ఆ బటన్‌ను నొక్కిన వినియోగదారుకు ఎలాంటి జవాబు దొరుకుతుందో చూడాలి. తదుపరి పరిశీలనకు నేను అడిగి తీసుకున్నవి ఆ చాట్‌లే.